రాతిలో పొలిమేర ఎక్కడ?

తిరుపతి నుండి తిరుమలకు పోయే ఘాట్ రోడ్డు మీద ప్రతిదినం వేలాది యాత్రికులు ప్రయాణం చేస్తూ వుంటారు. బస్సులో గోవిందనామం సాగుతూ వుంటుంది. చూపులు మలుపుల మీదో, క్రింది లోయ మీదో నిలుస్తాయి. రోడ్డు కోసం కొండను తొలిచినచోట బయటపడిన రాతిగోడను చూసేవారు అరుదు. అక్కడ క్రింద గ్రానైటు, పైన పొరలు పొరలుగా పేర్చినట్లున్న ఎర్రని క్వార్ట్జైటు కనిపిస్తాయి. రెండింటికీ నడుమ ఒక్క గీత. ఆ గీత మీద అరచేతిని నిలువుగా ఆనిస్తే, చేతిలో ఒక సగం ఒక మహాయుగాన్నీ, రెండవ సగం మరొక మహాయుగాన్నీ తాకుతుంది. ఆ రెండింటి మధ్య గడచిపోయిన కాలం పదుల కోట్ల సంవత్సరాలు.

భూవిజ్ఞానులు ఈ గీతను ఎపార్కియన్ అన్‌కన్ఫార్మిటీ అంటారు. ఆర్కియన్ శిలల మీద ఏర్పడిన విచ్ఛేదం అని దాని తాత్పర్యం. భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ దీనిని జాతీయ భూవైజ్ఞానిక స్మారకంగా గుర్తించింది. క్రింది గ్రానైటు భూగర్భంలో కరగి గడ్డకట్టిన రాయి. అది ఉపరితలానికి రావాలంటే దానిపై వున్న కొండలన్నీ వానకూ గాలికీ అరిగిపోవాలి. అలా అరిగి చదునైన నేల మీదికి తరువాత నీరు వచ్చింది, ఇసుక పేరుకొన్నది. ఆ ఇసుక గట్టిపడి, ఈనాడు మనం చూసే క్వార్ట్జైటు అయింది. మధ్యకాలపు చరిత్ర ఇక్కడ లేదు. పుస్తకంలో కొన్ని పుటలు చినిగిపోతే ముందు పుటా వెనుక పుటా ఎలా అతుక్కొని వుంటాయో, ఈ రెండు రాళ్ళూ అలా వున్నాయి.

ఇక్కడ ఒక ప్రశ్న పుడుతుంది. క్రింది రాయిని ఆర్కియన్ మహాయుగానిదనీ, పైదానిని ప్రొటెరోజోయిక్ మహాయుగానిదనీ అంటున్నాము. ఒక మహాయుగం ముగిసి మరొకటి ఆరంభమైన క్షణాన్ని ఎవరు నిర్ణయించారు? రాయి తానే చెప్పిందా, మనుష్యులు కూర్చుని తీర్మానించారా?

పల్లెటూళ్ళలో పొలిమేరలు రెండు విధాలుగా వుంటాయి. వాగో గుట్టో రెండు ఊళ్ళను వేరుచేస్తే ఆ హద్దును పశువుల కాపరి కూడా చూపగలడు. సర్వే అమీను గొలుసు లాగి, పటంలో గీత గీసి నిర్ణయించిన హద్దు నేల మీద కనిపించదు. కరణం దగ్గరి కాగితంలోనే వుంటుంది. భూమి చరిత్రకు కూడా ఈ రెండు రకాల పొలిమేరలూ వున్నాయి. వాటిలో ఏది మేలు అన్న వాదం ఈనాటికీ తెగలేదు.

భూమి వయస్సు సుమారు 456 కోట్ల సంవత్సరాలు. ఇందులో చివరి 54 కోట్ల సంవత్సరాల చరిత్రను విభజించడం భూవిజ్ఞానులకు కష్టమైన పని కాలేదు. ఆ కాలపు రాళ్ళలో గవ్వలు, చేపలు, చెట్లు, రాక్షసబల్లులు శిలాజాలుగా మిగిలాయి. ఒక జాతి కనిపించిన పొర నుండి అది మాయమైన పొర వరకు ఒక ఖండం అని చెప్పవచ్చు. బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు ఆడమ్ సెడ్జ్‌విక్ 1835లో వేల్స్ దేశపు రాళ్ళను చూసి, ఆ దేశపు లాటిన్ పేరు మీదుగా కేంబ్రియన్ అన్న పేరు పెట్టాడు. శిలాజాలు విరివిగా కనిపించడం అక్కడి నుండే. దానికి క్రింద వున్నదంతా ‘కేంబ్రియన్‌కు పూర్వం’ అనే ఒకే గంపలో పడిపోయింది. ఆ గంపలో పడినది భూమి ఆయుర్దాయంలో నూటికి 88 వంతులని అప్పటివారికి తెలియదు.

1872లో అమెరికా భూవిజ్ఞాని జేమ్స్ డ్వైట్ డేనా ఆ రాళ్ళకు ఆర్కియన్ అన్న పేరు సూచించాడు. ఆది, ఆరంభం అన్న అర్థమిచ్చే గ్రీకు మాట నుండి వచ్చిన పేరు అది. సరిగా అదే సంవత్సరంలో భారత భూవైజ్ఞానిక సర్వేక్షణ సంస్థ విలియం కింగ్ రచించిన గ్రంథాన్ని వెలువరించింది. కడప, కర్నూలు శిలాశ్రేణులను గురించిన తొలి సమగ్ర వర్ణన అది. సింగరేణి బొగ్గుగనులలో కింగ్ సీమ్ అని పిలువబడే పొరకు పేరు ఇచ్చినవాడు కూడా ఈయనే. రాయలసీమలో ఒకదానిపై ఒకటిగా పేరుకొన్న ఇసుకరాళ్ళు, పలకరాళ్ళు, సున్నపురాళ్ళు క్రింది గ్రానైటుకంటే ఎంతో తరువాతివని ఆ వర్ణనవల్ల స్పష్టమయింది. కాని వాటిలో ఒక్క గవ్వ లేదు. కనుక అవి కేంబ్రియన్ కూడా కావు.

అటు ఆదియుగానికీ చెందక, ఇటు శిలాజ యుగానికీ చెందక, నడుమ నిలిచిన ఈ రాళ్ళను ఏమనాలి? ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో సర్వేక్షణ సంస్థ అధిపతిగా వున్న థామస్ హాలండ్ వాటిని పురాణ శిలలు అన్నాడు. కడప, వింధ్య శ్రేణులు అందులో చేరాయి. ప్రపంచ వ్యవహారంలో ఈ భాగానికి ప్రొటెరోజోయిక్, అంటే తొలి జీవుల యుగం, అన్న పేరు స్థిరపడింది. హాలండ్ పెట్టిన పేరు మన భూవిజ్ఞానుల వాడుకలో ఇంకా బ్రతికే వుంది. తాండూరు, బేతంచర్ల నాపరాళ్ళు పరచిన ఇళ్ళలో నడిచేవారు నిత్యం ఆ పురాణ శిలల మీదనే అడుగులు వేస్తున్నారు.

పేర్లు వచ్చాయి గాని తేదీలు రాలేదు. శిలాజాలు లేని రాళ్ళలో ఏది ముందు, ఏది వెనుక అన్నది ఒకే ప్రాంతంలో చెప్పవచ్చు. ధార్వాడ రాయికీ దక్షిణాఫ్రికా రాయికీ వయస్సు తేడా చెప్పడం మాత్రం అసాధ్యమయింది. ఆ చిక్కును విడదీసినది జిర్కాన్ అనే చిన్న స్ఫటికం. గ్రానైటు గడ్డకట్టేటప్పుడు పుట్టే ఈ స్ఫటికం యురేనియంను తనలోకి రానిస్తుంది, సీసాన్ని దాదాపుగా రానివ్వదు. తరువాత యురేనియం మెల్లగా సీసంగా మారుతుంది. కనుక స్ఫటికంలో ఈనాడు వున్న సీసం దాని పుట్టుక తరువాత లోపల తయారైనదే. ఒక రకం యురేనియం సగం కావడానికి 447 కోట్ల సంవత్సరాలు పడుతుంది. మరొక రకానికి 70 కోట్లు చాలు. ఒకే డబ్బాలో రెండు గడియారాలు వున్నట్లు! రెండూ ఒకే వేళ చూపితే ఆ వయస్సును నమ్మవచ్చు.

గడియారం దొరికిన తరువాత అంతర్జాతీయ భూవిజ్ఞాన సంఘాలు కేంబ్రియన్‌కు పూర్వపు కాలాన్ని విభజించడానికి పూనుకొన్నాయి. శిలాజ యుగాల హద్దులకు అప్పటికే ఒక పద్ధతి ఏర్పడింది. ప్రపంచం మొత్తంలో ఒక మంచి రాతిగోడను ఎన్నుకొని, అందులో ఒక నిర్దిష్టమైన పొరను హద్దుగా ప్రకటిస్తారు. దీనిని భూవిజ్ఞానులు ‘బంగారు మేకు’ అని ముద్దుగా పిలుస్తారు. అలాంటి మొదటి మేకు 1972లో నాటి చెకొస్లొవేకియాలోని క్లాంక్ అనే చోట సైల్యూరియన్, డివోనియన్ కాలాల నడుమ నిర్ణయమయింది. కేంబ్రియన్ ఆరంభానికి 1992లో కెనడాలోని న్యూఫౌండ్లాండ్ తీరాన ఒక చోటును ఎన్నుకొన్నారు. ఇవి వాగులూ గుట్టలూ వంటి హద్దులు. సంశయం వచ్చినవారు పోయి చూడవచ్చు, చేతితో తాకవచ్చు.

ఆర్కియన్‌కు ఈ పద్ధతి పనికి రాలేదు. అందుకు కారణం భూమి నడిచిన తీరులోనే వుంది. ప్రతి ఖండంలోనూ గ్రానైటు, నైస్ శిలలతో గట్టిపడిన పురాతనమైన గుండె ఒకటి వుంటుంది. దానిని క్రేటన్ అంటారు. అది చల్లబడి స్థిరపడిన తరువాతనే దానిమీద సముద్రాలు నిలిచి పొరలు పేరుస్తాయి. ఈ మార్పునే వెనుకటివారు ఆర్కియన్ అంతంగా భావించారు. అయితే అన్ని ఖండాలూ ఒకే ముహూర్తానికి స్థిరపడలేదు. దక్షిణాఫ్రికాలో అది సుమారు 300 కోట్ల సంవత్సరాల క్రిందట జరిగింది. తెలంగాణ, రాయలసీమల క్రింద వున్న ధార్వాడ క్రేటన్ తూర్పు భాగంలో సుమారు 250 కోట్ల సంవత్సరాల క్రిందటి వరకు గ్రానైట్లు పుడుతూనే వున్నాయి. అక్కడివారికి యుగాంతం అయినప్పుడు ఇక్కడ యుగం నడుస్తున్నది. ఒక పంటకాలువ ఊరూరికీ వేరువేరు చోట్ల తిరిగితే దానిని తాలూకా హద్దుగా పెట్టుకోవడం ఎలా?

అందుచేత సంఘంవారు అమీను పద్ధతిని అవలంబించారు. రాయిని వదిలి అంకెను పట్టుకొన్నారు. ఆస్ట్రేలియా భూవిజ్ఞాని కెన్నెత్ ప్లంబ్ 1991లో ప్రకటించిన కాలపట్టికలో ఆర్కియన్ అంతం సరిగా 250 కోట్ల సంవత్సరాల క్రిందట అని వుంది. ప్రొటెరోజోయిక్‌ను 160 కోట్ల దగ్గర, 100 కోట్ల దగ్గర మూడుగా కోశారు. వాటిలో మరల చిన్న ఖండాలు చేసి గ్రీకు పేర్లు పెట్టారు. ఇనుప శిలలను తలపించే సిడేరియన్, పర్వతశ్రేణులను తలపించే ఒరొసీరియన్, హిమాన్ని తలపించే క్రయోజీనియన్ అలాంటివే. ఆర్కియన్‌కు లోపల కూడా 360, 320, 280 కోట్ల దగ్గర గీతలు పడి, ఆది, పురా, మధ్య, నవ ఆర్కియన్ యుగాలు ఏర్పడ్డాయి. నిండు అంకెలు చూస్తేనే తెలుస్తుంది, ఇవి మనిషి పెట్టిన హద్దులని.

మన పౌరాణికులు ఒక కల్పానికి 432 కోట్ల సంవత్సరాలని లెక్క కట్టారు. ఆ అంకె భూమి వయస్సుకు దగ్గరగా వున్నదని కొందరు ఉత్సాహపడతారు. కల్పం యుగాల గుణకారంలో పుట్టినది; భూమి వయస్సు స్ఫటికాలలోనూ ఉల్కలలోనూ సీసాన్ని కొలిచి తేల్చినది. రెండింటి సామీప్యాన్ని యాదృచ్ఛికంగా ఎంచడమే న్యాయం. అయితే మహాకాలాన్ని అంకెలతో ముక్కలు చేసుకోవడం తప్ప మరో దారి లేదన్న అనుభవం మాత్రం ఇద్దరికీ సమానమే.

అంకె హద్దుకు ఒక గొప్ప సుగుణం వుంది. అది ప్రపంచమంతటా ఒక్కటే. దోషం కూడా ఒకటి వుంది. దానిని ఏ కొండలోనూ చూపలేము. హైదరాబాదు గుట్టలనే తీసుకుందాం. గోలకొండ కోట కూర్చున్న గ్రానైటు వయస్సు సుమారు 250 కోట్ల సంవత్సరాలు. అంటే అది సరిగా గీత మీద వుంది. కొలతలో ఒక కోటి సంవత్సరాలు అటు జరిగితే ఆ రాయి ఆర్కియన్, ఇటు జరిగితే ప్రొటెరోజోయిక్. రాయిలో ఏ మార్పూ లేదు, దాని చిరునామా మాత్రమే మారుతుంది.

కొందరు శాస్త్రజ్ఞులకు ఇది తృప్తి కలిగించలేదు. హద్దు అన్నది భూమి బ్రతుకులో నిజంగా జరిగిన ఒక పెద్ద మార్పును సూచించాలని వారి వాదం. ఆ దగ్గరలో అలాంటి మార్పు ఒకటి జరిగింది కూడా. ఆర్కియన్ గాలిలో ప్రాణవాయువు లేదనే చెప్పాలి. దక్షిణాఫ్రికాలోని విట్వాటర్స్‌రాండ్ బంగారు గనులలో ఆనాటి నదులు దొర్లించిన గులకరాళ్ళ నడుమ పైరైటు, యురేనినైటు గింజలు చెక్కుచెదరక వున్నాయి. ఈనాటి నదిలో అవి కొద్దికాలంలోనే తుప్పుపట్టి కరగిపోతాయి. సముద్రంలో ఇనుము కరగి వుండేది. అది అట్టడుగున పొరలు పొరలుగా దిగి పట్టీల ఇనుపరాయి అయింది. కర్ణాటకలోని సండూరు కొండలూ, విశాఖ ఉక్కు కర్మాగారానికి ఖనిజమిచ్చే బైలదిలా కొండలూ ఈ జాతి శిలల నుండి వచ్చినవే. సుమారు 240 కోట్ల సంవత్సరాల ప్రాంతంలో, సూక్ష్మజీవులు విడిచిన ప్రాణవాయువు గాలిలో నిలవడం మొదలుపెట్టింది. తరువాతి కాలంలో నేల మీది ఇసుకరాళ్ళు తుప్పు రంగును పొందాయి. మనం పీల్చే గాలికి అక్కడ బీజం పడింది.

మార్టిన్ వాన్ క్రానెండాంక్ అనే భూవిజ్ఞాని తన సహచరులతో కలసి 2012లో ఒక ప్రతిపాదన చేశాడు. 250 కోట్ల గీతను చెరిపివేసి, సుమారు 242 కోట్ల దగ్గర, పశ్చిమ ఆస్ట్రేలియాలో ఇనుపరాళ్ళు ముగిసి హిమనదాలు మోసిన రాళ్ళు మొదలయ్యే చోట మేకు కొట్టాలని సూచించాడు. రాతిలో కనిపించే హద్దే హద్దు అని ఆయన పక్షం. ఎదుటి పక్షంవారు, ప్రాణవాయువు ఒక్క రోజులో వచ్చినది కాదు, వస్తూ పోతూ కోట్ల సంవత్సరాలు పట్టింది, అందులో ఏ అడుగును పొలిమేర అంటారు అని అడుగుతారు. ఇప్పటికి అధికారికమైన పట్టికలో 250 కోట్లే నిలిచి వుంది.

మేకు పద్ధతి నెగ్గిన చోటు ఒకటి లేకపోలేదు. 1946లో రెజినాల్డ్ స్ప్రిగ్ దక్షిణ ఆస్ట్రేలియాలోని ఎడియకరా కొండలలో మెత్తని శరీరాలు గల ప్రాణుల ముద్రలను కనుగొన్నాడు. అవి కేంబ్రియన్‌కు ముందరివని తరువాత తేలింది. 2004లో అదే ప్రాంతపు ఫ్లిండర్స్ పర్వతాలలో, మంచుయుగపు రాళ్ళ మీద మొదలయ్యే పొర దగ్గర ఎడియకరన్ కాలానికి హద్దు నిర్ణయించి ఒక కంచు బిళ్ళను బిగించారు. దాని వయస్సు సుమారు 63 కోట్ల 50 లక్షల సంవత్సరాలు. కేంబ్రియన్‌కు పూర్వపు కాలమంతటిలో రాతిలో చూపగల హద్దు అదొక్కటే.

ఇక పట్టిక అట్టడుగుకు పోదాం. ఆర్కియన్‌కు ముందు కాలాన్ని ప్రెస్టన్ క్లౌడ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు 1972లో హేడియన్ అన్నాడు. గ్రీకుల పాతాళలోకం పేరు అది. ఆ పేరు ఏభై సంవత్సరాలపాటు అనధికారికంగానే వాడుకలో వుండి, 2022లో అధికారిక ముద్ర పొందింది. దాని ఆరంభం 456 కోట్ల 70 లక్షల సంవత్సరాల క్రిందట. ఈ తేదీ భూమి మీది రాయి ఇచ్చినది కాదు, ఉల్కలలోని తొలి ఘనపదార్థపు కణాలు ఇచ్చినది. దాని అంతం, అంటే ఆర్కియన్ ఆరంభం, 403 కోట్ల 10 లక్షల సంవత్సరాల క్రిందట. ఈ అంకె నిండు అంకె కాకపోవడానికి కారణం వుంది. వాయవ్య కెనడాలోని అకాస్టా నైస్ అనే శిల వయస్సు అది. నిర్వివాదంగా గుర్తించిన అతి ప్రాచీన శిల అదే కనుక, రాళ్ళు లేని కాలం హేడియన్, రాళ్ళున్న కాలం ఆర్కియన్ అని విభజించినట్లయింది.

ఈ హద్దు మన జ్ఞానం మీద ఆధారపడిన హద్దు అన్నది గమనించదగినది. పశ్చిమ ఆస్ట్రేలియాలోని జాక్ హిల్స్‌లో 440 కోట్ల సంవత్సరాల జిర్కాన్ గింజ దొరికింది. 2018లో ఒడిశాలోని చంపువా ప్రాంతపు రాళ్ళలో సుమారు 424 కోట్ల సంవత్సరాల జిర్కాన్లను గుర్తించారు. ఇవి గింజలే, వాటిని కన్న శిలలు ఏనాడో నశించాయి. కాని కెనడాలోనే హడ్సన్ అఖాతం ఒడ్డున వున్న నువ్వుఆగిట్టుక్ శిలలకు 428 కోట్ల సంవత్సరాలని 2008లో ఒక బృందం ప్రకటించింది. ఇతరులు ఒప్పుకోలేదు. 2025లో మరొక పరిశోధన అక్కడి కొన్ని రాళ్ళకు 416 కోట్ల సంవత్సరాలని చెప్పింది. అది అందరి అంగీకారం పొందితే, రాళ్ళు లేని మహాయుగంలో రాళ్ళు వున్నట్లవుతుంది. అప్పుడు గీతను జరపాలా, నిర్వచనాన్ని మార్చాలా అన్న ప్రశ్న తప్పదు.

ఇంతకూ హద్దులు ఎందుకు? ఒక దేశపు రాయిని గురించి మరొక దేశంవారితో మాట్లాడడానికి. ధార్వాడలో పనిచేసే భూవిజ్ఞాని ‘నవ ఆర్కియన్’ అంటే కెనడాలోని వానికి ఏ కాలమో సందేహం లేకుండా తెలియాలి. బంగారం, ఇనుము, యురేనియం వెదికేవారికి కూడా ఏ కాలపు రాళ్ళలో ఏది దొరుకుతుందో తెలియడానికి ఈ పంచాంగమే ఆధారం. అమీను గీతకు ఇంత ప్రయోజనం వుంది. ఆ గీతను చూసి భూమి ఆనాడే మలుపు తిరిగిందని మాత్రం భ్రమపడరాదు.

తిరిగి తిరుమల కొండకు వద్దాం. అక్కడి గీత అమీను గీసినది కాదు, అంతర్జాతీయ సంఘం తీర్మానించినదీ కాదు. ఎవరైనా చూడగల నిజమైన హద్దు. కాని మహాయుగాలు మారిన క్షణాన్ని అది చూపదు. ఆ క్షణం నాటికి ఈ ప్రాంతపు గ్రానైటు పైకప్పు అరుగుతూ వుండివుంటుంది. ఆ అరిగిన ధూళి ఏ సముద్రానికి చేరిందో ఈ గోడలో లేదు. రాతిలో కనిపించే పొలిమేర దగ్గర కాలం లేదు, కాలం తెలిసిన పొలిమేర దగ్గర రాయి లేదు. భూవిజ్ఞానులు ఈ రెండింటినీ ఒకచోటికి తేవడానికి ప్రయత్నిస్తూనే వున్నారు. ఈసారి కొండకు పోయినప్పుడు, వీలైతే ఘాట్ రోడ్డు పక్కన ఆ ఎర్రరాతి అడుగున వున్న గీతను ఒక్కసారి చూడండి.